గుంపు లేని వీధి నాటకం

మా అన్నయ్య మనవరాలు 2019లో ఇక్కడే, జంషెడ్‌పూర్‌లో, డిగ్రీలో చేరింది. చదువు ఒక ఎత్తు, కాలేజీ నాటక బృందం ఒక ఎత్తు ఆ పిల్లకి. రక్షణ శాఖలో ముప్పయ్యేళ్లకు పైగా పద్దులు సరిచూసి రిటైరైన నాకు నాటకాల గురించి తెలిసింది తక్కువే. కానీ కరోనా కాలంలో ఆమెకు ఎదురైన చిక్కు మన హేతువాదులందరిదీ. అందుకే రాస్తున్నాను.

వాళ్ల నాటకం 'డాయన్' మీద. శ్రీకాకుళం వైపు చిల్లంగి అంటారే, అలాంటిదే. ఎవరింట్లోనో పిల్లకు జ్వరమొస్తే ఒక ఒంటరి ఆడమనిషిని పట్టుకుని మంత్రగత్తె అని కొట్టడం, ఊరినుంచి వెళ్లగొట్టడం. బీహార్ 1999లో దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. జార్ఖండ్ 2001లో దాన్నే తెచ్చుకుంది. మా పక్కనున్న సరాయికేలా ప్రాంతంలో ఛుట్నీ దేవిని 1995లో ఇలాగే హింసించారు. తర్వాత ఆవిడ తనలాంటి స్త్రీలెందరికో అండగా నిలబడింది. 2021లో పద్మశ్రీ వచ్చింది.

నాటకం మధ్యలో ఆపి, చుట్టూ నిలబడ్డ జనాన్ని అడుగుతారు: "ఈ పిల్లకు జ్వరం ఎందుకొచ్చింది?" జనం చెప్పే జవాబును బట్టి మిగతా కథ నడుస్తుంది. అదే ఆ నాటకానికి ప్రాణం. బస్తీలో ఆడదామని అన్నీ సిద్ధం చేసుకున్నారు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. జనం గుమిగూడకుండా ప్రభుత్వాలు వాడిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. తమాషా ఏమిటంటే, గురజాడ 'కన్యాశుల్కం' అచ్చయిందీ ఆ ఏడాదే.

జూన్‌లో బీహార్, జార్ఖండ్‌లలో కొన్నిచోట్ల ఆడవాళ్లు గుంపులుగా చేరి 'కరోనా మాయి'కి లడ్డూలు, లవంగాలు పెట్టి పూజలు చేశారు. మశూచిని అమ్మవారన్న దేశం మనది. ఆ మశూచి టీకాలతో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. మా పిల్ల బృందంలో సగంమంది, "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? బస్తీకి పోయి ఆడదాం" అన్నారు.

"తాతయ్యా, నువ్వేమంటావు?" అని ఫోన్లో అడిగింది.

"నాటకం చూసి ఎందరు మారతారో లెక్క కట్టలేమమ్మా. జబ్బు తగిలితే ఆ ఖర్చు మాత్రం బస్తీవాళ్ల ఖాతాలో పడుతుంది" అన్నాను.

కాసేపాగి, "గుంపుగా పూజ చెయ్యొద్దని చెప్పడానికి గుంపును పోగెయ్యాలా?" అని తనే అంది. ఆగిపోయారు. తేలిగ్గా మాత్రం కాదు. ఒకరిద్దరు బృందం వదిలేశారు.

చివరికి ఎవరింట్లో వాళ్లు ఉండి వీడియోలో ఆడారు. నెట్‌వర్క్ వల్ల డప్పు ఒకచోట, అడుగు ఒకచోట. "జ్వరం ఎందుకొచ్చింది?" అని అడిగాక నిశ్శబ్దం. చూసి మెచ్చుకున్నది ఎవరు? చుట్టాలు, తోటి విద్యార్థులు, నాలాంటి హేతువాద మిత్రులు. అంటే ముందే ఒప్పుకున్నవాళ్లు. బస్తీలో ఇంటికొక ఫోను ఉంటే గొప్ప. అందులో ఉన్న కాస్త డేటా పిల్లల పాఠాలకే చాలదు.

2021 రెండో అల కూడా దాటి, ఆంక్షలు సడలాక, 2022లో ఆఖరి సెమిస్టరులో ఒక్కసారి బస్తీలో ఆడారు. నేనూ వెళ్లాను. ఆ ప్రశ్న అడగ్గానే ఒక ముసలావిడ హిందీలో అంది: "కారణం నువ్వే చెప్పు, వింటాను. రాత్రి పూట పిల్లకు ఒళ్లు కాలిపోతుంటే ఓఝా తలుపు తీస్తాడు. నీ డాక్టరు తీస్తాడా?" ఓఝా అంటే భూతవైద్యుడు.

పిల్లలు తడబడ్డారు. కానీ ఆ రాత్రే కూర్చుని ముగింపు మార్చారు. మూఢనమ్మకాన్ని తిట్టే ఉపన్యాసం తీసేశారు. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి ఎక్కడ, అంబులెన్సుకు 108 ఎలా చెయ్యాలి, ఏ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగకూడదు అన్నవి కథలో చేర్చారు.

వీడియోకు వచ్చిన వందల మెచ్చుకోళ్లలో ఈ ఒక్క అభ్యంతరం లేదు. రెండేళ్లు వాళ్లు పోగొట్టుకున్నది ఇదే. పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి గానీ, ఎదురు ప్రశ్న వేసే మనిషి ముందు నిలబడే చదువు మాత్రం వాయిదా పడింది. అలా వాయిదా వెయ్యడం సరైన పనే, ఇప్పటికీ అదే అంటాను. కానీ నష్టం నష్టమే, పద్దులో రాయాలి.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంచడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలో 1976లో చేర్చుకున్నాం. మనం మాత్రం చాలావరకు మనలో మనమే రాసుకుని మనమే చప్పట్లు కొట్టుకుంటున్నాం. మనకు లాక్‌డౌన్ ఎవరూ పెట్టలేదు కదా! ఆ ముసలావిడ అడిగిన దానికి మన దగ్గర ఏం జవాబుందో, మిత్రులు కాస్త ఆలోచించండి.