మా ఇంటి కరెంటు దాలి

‘చిల్లీ’ అన్న మాట వినగానే మా అమ్మ ముఖం వెలిగిపోయింది. ‘‘మిరపకాయ పచ్చడా? రోలుందా మీ ఇంట్లో?’’ అంది. తెనాలి దగ్గర పల్లెటూరి మనిషి. చిల్లీ అంటే ఆవిడకి ఇంకేం గుర్తొస్తుంది? డాలస్ వచ్చిన రెండోరోజే, ఇక్కడ చిల్లీ అంటే మిరపకాయ కాదనీ, మాంసం, టమాటాలు, కారం కలిపి గంటల తరబడి ఉడికించే ఒక కూర అనీ చెబితే, ‘‘కూరకి కాయ పేరు పెట్టుకున్నారేమిటే, పిచ్చిగా!’’ అని నవ్వేసింది.

పిచ్చిగానే ఉంటుంది. కానీ ఈ టెక్సాస్ వాళ్లకి చిల్లీ మీదున్న ప్రేమ మామూలుది కాదు. 1977లో ఇక్కడి శాసనసభ దాన్ని ఏకంగా రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. వందేళ్ల కిందట శాన్ ఆంటోనియో కూడళ్లలో సాయంత్రం అయ్యేసరికి ఆడవాళ్లు లాంతర్ల వెలుగులో చిల్లీ అమ్మేవారట. వాళ్లని ‘చిల్లీ క్వీన్స్’ అనేవారు. అసలు సిసలు టెక్సాస్ చిల్లీలో గింజలు వెయ్యకూడదని ఇప్పటికీ పట్టుబట్టే వాళ్లున్నారు. నేను మాత్రం రాజ్మా వేస్తాను. ఆ రాజ్మాతోనే వచ్చింది చిక్కంతా.

ఇంతకీ మా ఇంట్లోకి చిల్లీ ఎందుకొచ్చిందో చెప్పాలి. 2017లో మా ఆయనకి గుండెలో స్టెంట్ వేశారు. అప్పటికి ఆయనకి నలభై నాలుగేళ్లు. కొవ్వు తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి అని డాక్టర్ కాగితం మీద రాసిచ్చారు. ఆ రోజునుంచి మా వంటింట్లో మూడు పొయ్యిలు మూడు రకాలుగా వెలిగేవి. ఆయనకి చప్పిడి కూర, పన్నెండేళ్ల మావాడికి పాస్తా, ఎనిమిదేళ్ల పాపకి పెరుగన్నం. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్లి వచ్చేసరికి ఆరు దాటేది. నలుగురం నాలుగు వేళల్లో, నాలుగు కంచాల్లో తినేవాళ్లం. మా ఆయన తన గిన్నె పట్టుకుని టీవీ ముందుకి వెళ్లిపోయేవారు. పిల్లలు తినేది చూస్తే తనకీ తినాలనిపిస్తుందని ఎప్పుడూ పైకి అనలేదుగానీ, నాకు తెలుసు.

ఆఫీసులో ఒకావిడ స్లో కుక్కర్ సలహా ఇచ్చింది. పొద్దున్నే అన్నీ అందులో పడేసి, మూతపెట్టి, ‘లో’ మీద పెట్టి వెళ్లిపోతే, ఎనిమిది గంటల తర్వాత ఇంటికొచ్చేసరికి కూర సిద్ధం. మామూలు చిల్లీలో కొవ్వున్న మాంసం వేస్తారు. నేను టర్కీ కోడి కైమా తెచ్చాను. దాని పొట్లం మీద 93/7 అని ఉంటుంది. అంటే వంద గ్రాముల కైమాలో కొవ్వు ఏడు గ్రాములే. నూనె ఒక్క చెంచా. మొదటి వారమే నలుగురం ఒకే కూర, ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. మావాడు రెండోసారి వడ్డించుకున్నాడు. మా ఆయన టీవీ పెట్టలేదు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, ఎందుకో తెలియదు, ఏడ్చాను.

తర్వాతి ఏడాది అమ్మ వచ్చింది. ఆ కుక్కర్ చుట్టూ రెండ్రోజులు తిరిగింది. చెయ్యి పెట్టి చూసి, ‘‘ఇది మన దాలేనే!’’ అంది. చిన్నప్పుడు మా పెరట్లో దాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి, పాలకుండ దించి, మూత పెట్టేవారు. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, అరచేతి మందాన మీగడ కట్టేది. ఆ రోజునుంచి దాని పేరు కరెంటు దాలి. తర్వాత తెలిసిన సంగతేమిటంటే, దీన్ని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్‌కి కూడా ఆలోచన ఇలాంటి చోటినుంచే వచ్చిందట. ఆయన అమ్మమ్మ లిథువేనియాలో శుక్రవారం సాయంత్రం గింజలు, మాంసం కుండలో పెట్టి రొట్టెల బట్టీకి పంపేదట. చల్లారే బట్టీ సెగకి అది రాత్రంతా మగ్గేదట. తల్లి చెప్పిన ఆ కథ విని ఆయన కరెంటు కుండ చేశారు. 1940లో పేటెంటు వచ్చింది. ఏ దేశమైతేనేం, ఆడవాళ్లకి సన్నసెగ సంగతి ఎప్పుడో తెలుసు.

అమ్మకి ఉన్న ఒకే ఒక్క జబ్బు, పది నిమిషాలకోసారి మూత తీసి చూడటం. ‘‘తియ్యకమ్మా, ఆవిరి పోతే మళ్లీ వేడెక్కడానికి అరగంట పడుతుంది’’ అని మొత్తుకునేదాన్ని.

ఆ శనివారం నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. అప్పటిదాకా డబ్బా రాజ్మా వాడేదాన్ని. డబ్బా మీద ఉప్పు లెక్క చదివి గుండె ఝల్లుమంది. మా ఆయనకి అంత ఉప్పా? అందుకని ఎండు రాజ్మా తెచ్చి, రాత్రి నానబెట్టి, పొద్దున కైమాతోపాటు కుక్కర్లో వేసేశాను. అమ్మ పక్కనే ఉంది.

‘‘గింజలకి ఒక పొంగు రానిచ్చావా అమ్మాయ్?’’ అంది.

‘‘ఇది స్లో కుక్కరమ్మా. అన్నీ అదే చూసుకుంటుంది’’ అన్నాను.

‘‘పొంగు రాకుండా గింజేం ఉడుకుతుందే?’’ అని గొణుక్కుని ఊరుకుంది. నా ఇల్లు, నా వంటిల్లు. ఎంత తల్లయినా ఎంతవరకు చెబుతుంది?

సాయంత్రం గింజలు కొద్దిగా పలుకుగా ఉన్నాయి. అయినా తినేశాం. అమ్మకి శనివారం ఒంటిపూట కాబట్టి అరటిపండు, పాలతో సరిపెట్టుకుంది. రాత్రి పదింటికి మావాడు వాంతి చేసుకున్నాడు. పది నిమిషాలకి పాప. నాకూ కడుపులో తిప్పుతోంది. పిల్లల్ని పట్టుకుని నేను స్నానాలగదిలో ఉంటే, అమ్మ కేక వేసింది. వచ్చి చూద్దును కదా, మా ఆయన సోఫా అంచున కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా చెమట. చెయ్యి పొట్ట మీద ఉందో గుండె మీద ఉందో నాకు కనబడలేదు. కాళ్లు వణికాయి.

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు. గుండెకేం కాలేదన్నారు. అప్పటిదాకా నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు. పిల్లలకీ ఇదే బాధ అని తెలిశాక డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఏం తిన్నారు?’’ చెప్పాను. రెండో ప్రశ్న: ‘‘గింజలు ముందు మరిగించారా?’’ అచ్చం మా అమ్మ అడిగిన ప్రశ్నే!

పచ్చి రాజ్మాలో ఒక రకం లెక్టిన్ ఉంటుందట. నాలుగైదు గింజలు తిన్నా చాలు, గంట నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. బాగా మరిగిస్తే అది నశిస్తుంది. కానీ మరగని సన్నసెగ మీద ఉడికితే పచ్చి గింజకన్నా కూడా ప్రమాదం పెరగొచ్చునట. అదృష్టవశాత్తూ ఈ బాధ కొన్ని గంటల్లో దానంతటదే తగ్గిపోతుంది. తెల్లారేసరికి పిల్లలు లేచి పాలడిగారు.

ఇన్నేళ్లుగా రాజ్మా తింటున్నాం, ఎప్పుడూ ఏమీ కాలేదే అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. మన ఇళ్లలో రాజ్మా ప్రెషర్ కుక్కర్లో ఉడుకుతుంది. ఆ వేడికి విషం నిలవదు. ఇక్కడివాళ్లు చాలామంది డబ్బా గింజలు వాడతారు. అవి ముందే ఉడికినవి. అందుకే నేను చూసిన వంట కాగితం మీద ‘మరిగించండి’ అని రాసిలేదు. నేను అక్కడి గింజ, ఇక్కడి కుండ కలిపాను. మధ్యలో ఉన్న ఆ ఒక్క పొంగు వదిలేశాను. కొవ్వు గ్రాములు లెక్కపెట్టాను, ఉప్పు చిటికెలు లెక్కపెట్టాను. మా అమ్మ మాటని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

‘‘నువ్వు చెప్పావు, నేను వినలేదు’’ అన్నాను ఇంటికొచ్చాక. అమ్మ దెప్పలేదు. ‘‘నాకు మాత్రం విషమని తెలుసా ఏమిటే? మా అమ్మ చేసేది, నేనూ చేశాను’’ అంది. ఆ కుక్కర్ అటకెక్కించేద్దామన్నాను. మా ఆయన వద్దన్నారు. ‘‘అందరం కలిసి తినేది ఆ ఒక్క కూరే కదా’’ అన్నారు మెల్లగా. మరుసటి వారం అమ్మే పూనుకుని చేయించింది. ఇప్పటికీ అదే పద్ధతి. మీరూ చేస్తే ఇలా చెయ్యండి.

ఒక కప్పు ఎండు రాజ్మా రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, పొయ్యి మీద తెర్లుతూ అరగంట మరిగించాలి. ప్రెషర్ కుక్కరైతే మరీ మంచిది. గింజ చేత్తో నొక్కితే మెత్తగా నలగాలి. టమాటా పులుపులో పడ్డాక గింజ ఇక సరిగా మెత్తబడదు, కాబట్టి ఈ పని ముందే కావాలి. అరకిలో టర్కీ లేదా కోడి కైమా చెంచాడు నూనెలో రంగు మారేదాకా వేయించి, ఊరిన కొవ్వు వంపేయాలి. రెండు ఉల్లిపాయలు, ఒక కాప్సికం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ముప్పావు కిలో టమాటాలు తరిగి వేయాలి. ఇక్కడ దొరికే చిల్లీ పౌడర్ రెండు పెద్ద చెంచాలు. అందులో మిరపపొడితోపాటు జీలకర్ర, వెల్లుల్లి కూడా కలిసి ఉంటాయి. మన కారమైతే ఒక చిన్న చెంచా, జీలకర్రపొడి ఒక చెంచా చాలు. రాజ్మా కలిపి, మూతపెట్టి, ‘లో’ మీద ఏడెనిమిది గంటలు ఉంచాలి. ఉప్పు సగమే. దించాక నిమ్మకాయ పిండి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లాలి. ఆ నిమ్మకాయ అమ్మ చేర్చింది. ఉప్పు తక్కువైన సంగతి నాలుకకి తెలియదు.

అమ్మ తెనాలి వెళ్లిపోయింది. ఇప్పటికీ శనివారం పొద్దున ఫోన్ చేస్తుంది. అక్కడ రాత్రి, ఇక్కడ పొద్దున. ‘‘ఏం వండుతున్నావే?’’ అంటుంది. చిల్లీ అంటే చాలు, వెంటనే, ‘‘పొంగు వచ్చిందా?’’ అంటుంది.

‘‘వచ్చిందమ్మా’’ అని ఫోన్ గిన్నె దగ్గర పెడతాను. కుతకుతమనే చప్పుడు విన్నాకే ఆవిడ పడుకుంటుంది.