బండలెక్కు బూట్లు, చెమర్చు పాదములు

గుమ్మము ముందు విడిచిన పాదరక్షల గుంపులో ఎవరివి యెవరివో కన్నులు మూసికొని చెప్పగల ముక్కు ప్రతి గృహిణికిని ఉండును. మగవారి బూట్ల కంపును మనము ఉద్యోగముతోబాటు ఇంటికి వచ్చిన వస్తువుగా నెంచి ఊరకుందుము. మేజోళ్లను రెండు వ్రేళ్లతో బట్టి తొట్టిలో వేయుదుము, అంతటితో సరి. అదే కంపు ఆడపిల్ల బూట్లనుండి వచ్చినచో ఇల్లంతయు గుసగుసలు బయలుదేరును. ఈ భేదము ఎట్లు పుట్టినదో పెద్దలే చెప్పవలెను. మేము మాత్రము పాదముల చెమటనుగూర్చి, అందును బండలెక్కు బాలికల పాదముల చెమటనుగూర్చి, మాకు దెలిసిన నాలుగు మాటలు వ్రాయ నుద్దేశించితిమి.

బండ లెక్కుట యేమి, బాలిక లేమి యని కొందరు నవ్వవచ్చును. మన తెలంగాణము రాతినేల. మా నిజాంపేటనుండి రామాయంపేట మీదుగా మెదకునకు పోవునప్పుడు త్రోవకు దూరముగను దగ్గరగను బండలు కనబడుచునే యుండును. మెదకు కోట కూడ కొండమీదనే కలదు. ఈ ప్రాంతపు నల్లరాతికి సుమారు 250 కోట్ల యేండ్ల వయస్సని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. భువనగిరిలోనైతే ఊరిప్రక్కన ఒకే యొక బ్రహ్మాండమైన బండ, దానిపై కోట. ఆ బండమీదనే నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు జెందిన మాలావత్ పూర్ణ మొదట త్రాడు పట్టి యెక్కుట నేర్చినది. కూలి చేసికొని బ్రదుకు తలిదండ్రుల బిడ్డ; సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివినది. ఖమ్మము జిల్లావాడైన ఆనంద్ కుమారుతో గూడి 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కెను. అప్పటి కామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంత చిన్న వయస్సున ఆ శిఖర మెక్కిన బాలిక అంతకుముందు లేదు. కనుక ఇప్పుడు మా పల్లెలయందును ఆడపిల్లలు బండ లెక్కెద మనుటలో వింత యేమియు లేదు.

మా చెల్లెలి కొమార్తె పదునాలు గేండ్లది. క్రిందటి యేడు ఒక శిక్షణ శిబిరమునకు పోయినది. మూడవనాటి రాత్రి ఫోను చేసి, "పెద్దమ్మా, నేను రేపటిసంది పోను. నా కాళ్లు చెరువైతున్నయి" అన్నది. విచారింపగా విషయము తెలిసినది. ఆ శిబిరమున బూట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒకరు విడిచిన జతను మరియొకరు తొడుగుకొనవలెను. ఈమె విడిచిన జత లోపల తడి. తరువాతి పిల్ల ముక్కు మూసికొన్నది. రెండు దినములలో ఈమెకు "కుంట" యని పేరు పెట్టిరి. ఇది యొక యెత్తు. బండపై అంగుళమైనను లేని రాతిపొక్కుమీద బొటనవ్రేలి బలముతో నిలిచి యుండగా, బూటు కదలలేదు గాని బూటులోని పాదము జారి ప్రక్కకు తిరిగినదట. త్రాడు పట్టినది గనుక మోకాలు గీసికొనుటతో పోయినది.

బిడ్డ యింటికి రాగానే ఇరుగుపొరుగువారు తమ తీర్పు చెప్పిరి. "ఆడపిల్లకు బండలెందుకమ్మా? రేపు చూసెటోళ్లొచ్చి, చెయ్యి తడి, కాలు తడి అంటే ఏం జవాబు చెప్తవు?" అని ఒకామె మా చెల్లెలితో ననెను. చెల్లెలు మెత్తబడెను. పిల్లయు తలవంచుకొని, తనకే యిష్టము లేనట్లు చెప్ప సాగెను. తరువాతి శిబిరమునకు ఇరువది దినములే యున్నవి. చెమట నాపలేకపోయినచో ఆమె బండల మార్గము అంతటితో మూసికొనిపోవు ననుట స్పష్టము. అందుచేత మేము ఆమెను వెంటబెట్టుకొని మెదకులోని ఒక చర్మవైద్యురాలి యొద్దకు పోయితిమి. ఆమె చెప్పినదియు, మేము చదివి తెలిసికొన్నదియు, చేసి చూచినదియు కలిపి యిక్కడ చెప్పుచున్నాము.

మన శరీరమందు ఇరువది లక్షలకు తక్కువగాకుండ స్వేదగ్రంథులు కలవు. వానిలో మిక్కిలి దట్టముగా నున్నవి అరచేతులయందును అరికాళ్లయందును. వీపు చెమట యెండకు వచ్చును. అరికాలి చెమట ముఖ్యముగా మనస్సును బట్టి వచ్చును. పరీక్షనాడు పిల్లల వ్రేళ్లు తడియగుట, చదువరుల యెదుట మాటలాడునప్పుడు మన అరచేయి చెమర్చుట అందరు నెరిగినదే. భయమైనప్పుడు చేతికిని కాలికిని పట్టు హెచ్చవలెనని ప్రకృతి చేసిన యేర్పాటిది యని కొందరు శాస్త్రజ్ఞులు తలంతురు. అది యుక్తముగనే యున్నది. పుస్తకపు పుట త్రిప్పునప్పుడు వ్రేలిని కొంచెము తడి చేసికొందుము గదా; పొడివ్రేలికి కాగితము చిక్కదు. కాని అదే వ్రేలిని నీటిగిన్నెలో ముంచి త్రిప్పబోయినచో మరల జారును. పిల్ల భయపడును, చెమర్చును; చెమర్చుటచే జారును; జారుటచే మరింత భయపడును. ఈ చక్రము నెక్కడో యొకచోట త్రెంపవలెను. "భయపడకు" అని చెప్పినంత మాత్రమున అది తెగదు. చెప్పి చూచితిమి గూడ.

ఇక వాసన. అప్పుడే పుట్టిన చెమటకు వాసన యుండదనిన మీ రాశ్చర్యపడుదురు. పాలు తోడుపెట్టి మూతపెట్టినట్లు, చెమటయు చచ్చిన చర్మపు పొట్టును బూటులో మూతపడినప్పుడు, చర్మముపై నుండు సూక్ష్మజీవులు వానిని తిని ఐసోవలెరిక్ ఆమ్లము వంటి కంపు వస్తువులను పుట్టించును. ఐరోపాలో లింబర్గర్ అనెడి జున్నును తయారుచేయుటకు తోడ్పడు సూక్ష్మజీవియు, పాదములపై నివసించు సూక్ష్మజీవియు దగ్గరి చుట్టములట! ఆ జున్ను వాసనకు ఆఫ్రికాలోని మలేరియా దోమ వచ్చి చేరునని నిరూపించిన శాస్త్రజ్ఞులకు 2006లో నవ్వు పుట్టించు ఇగ్ నోబెల్ బహుమతి యిచ్చిరి. సికిందరాబాదులో 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న దేశమువారము గనుక, మనమైనను దీనిని వట్టి నవ్వులాటగా దీసికొనరాదు. ఈ సంగతి చెప్పగా మా పిల్ల చాల దినముల తరువాత నవ్వినది. ఇది మురికితనము కాదనియు, స్నానము చేయనందున వచ్చినది కాదనియు ఆమెకు నమ్మకము కలుగుటయే మొదటి మందు.

చెమటయందు బండలెక్కు బూటు తక్కిన బూట్ల కంటె చెడ్డది. రాతి పొక్కును వ్రేళ్లతో తెలిసికొనవలెను గనుక దానిని మేజోడు లేకుండ, మిక్కిలి బిగువుగా తొడుగుదురు. అడుగున మాత్రమే గాక చుట్టును రబ్బరు. గాలి దూరు సందు లేదు. అందులోను మా మెదకుసీమలో వేసవి వచ్చినచో బండ యే పెనమువలె కాలును; తెల్లవారుజామున తప్ప ఎక్కుట తగదు. పగటి యెండకు పాదము ఉబ్బును, బూటు మరింత బిగియును.

ఇప్పుడు చేసిన పనులు చెప్పెదము. పటికనీళ్లలో పాదము లుంచుట మా అత్తగారు చెప్పిన చిట్కా. మంగలి గడ్డము గీసిన పిమ్మట రుద్దు పటికయే. కొంత మేలు చేసినది గాని చాలలేదు. తేయాకు కషాయములో ఇరువది నిమిషములు పాదము లుంచుట రెండవది. తేయాకులోని వగరు చర్మపు పైపొరను బిగించును. తోలును పదును చేయుటకు తంగేడు చెక్కను వాడుటయు ఆ వగరు కొరకే. మా యూరి నాట్లు వేయు స్త్రీలు బురదలో నాని వ్రేళ్లసందులు తెల్లబడి మండునని ఆషాఢమాసమున గోరింటాకు పెట్టుకొందురు. ఆ తలపును ఈ త్రోవదే యని మాకు తోచును. తేయాకువలన పాదము గోధుమవన్నె దేరును, తువ్వాలు పాడగును. కనుక పాత తువ్వాలు వాడవలెను.

నిజముగా పని చేసినది వైద్యురాలు వ్రాసి యిచ్చిన అల్యూమినియం క్లోరైడు ద్రావకము. దీనిని వాడు విధమే దీని ప్రాణము. ఉదయము పూసి బూటు తొడిగిన ఫలము లేదు. రాత్రి నిద్రపోవునప్పుడు చెమట తక్కువ. అప్పుడు పాదములను బాగుగా తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట పూయవలెను. ఆ లవణము స్వేదనాళముల మొగములలో చేరి గడ్డకట్టి మూత వేయును. ఉదయమున కడిగివేయవలెను. తడిపాదముపై పూసినచో మంట పుట్టును. మొదట వరుసగా కొన్ని రాత్రులు, గుణము కనబడిన పిమ్మట వారమునకు ఒకటి రెండు రాత్రులు చాలును. నీటిపళ్లెములో పాదము లుంచి స్వల్పమైన విద్యుత్తు పంపు చికిత్స కూడ ఆస్పత్రులలో కలదు. ఇంటిలో తీగెలతో ప్రయోగములు చేయు మగపిల్లలున్నచో ఈ వాక్యమును వారి కంటబడనీయకుడు.

వ్రేళ్లసందులు దురదపెట్టి పొరలూడుచున్నచో అది చెమట కాదు, బూజుజాతి వ్యాధి. అరికాలిపై గుండుసూదితో పొడిచినట్లు చిన్న గుంటలు పడుట సూక్ష్మజీవుల పని. రెంటికిని వేరు వేరు మందులు గలవు. రాత్రివేళ ఒడలంతయు చెమటపట్టి బరువు తగ్గుచున్నచో పాదములమాట విడిచి వెంటనే వైద్యునికి చూపవలెను. మధుమేహ మున్నవారు పాదముల విషయమున సొంతవైద్యము చేయనే రాదు. ఈ తడిపాదముల స్వభావము తరచుగా బాల్యముననే మొదలై వంశములో నడచును. మా చెల్లెలు వినవలెననియే ఈ మాట వైద్యురాలిచేత రెండుసార్లు చెప్పించితిమి. ఏలయన మా తండ్రిగారి అరచేతి తడికి ఆయన వ్రాసిన లెక్కల పుస్తకములలో సిరా అలుకుకొనియుండుట మే మిద్దరమును ఎరుగుదుము. ఆయన పెండ్లి కది యడ్డము రాలేదు.

బూట్ల సంగతి వేరుగ చెప్పవలెను. అన్నిటికంటె ముందు ఆమెకు సొంతజత కొంటిమి. ఒకరి బూట్లు మరియొకరు తొడుగుటవలన బూజువ్యాధులు ప్రాకును గనుక ఇది ఆడంబరము కాదు. ఎక్కి దిగగానే బూట్లు విడిచి, పాదములను తుండుతో తుడిచి, రెంటిని గాలికి పెట్టవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట సంచిలోనే మూసి యుంచుట మహాపాపము. పాత వార్తాపత్రికలను ఉండచుట్టి లోపల క్రుక్కి నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో జిగురు కరగి రబ్బరు ఊడును. చిరిగిన రవికెగుడ్డలో వంటసోడా మూటగట్టి రాత్రి లోపల ఉంచినచో వాసన చాలవరకు పీల్చుకొనును. మరీ మురికియైనప్పుడు చల్లని నీటితో, కొలదిగా సబ్బుతో, పాత పళ్లబ్రష్షుతో తోమవచ్చును. ముఖమునకు రాయు పౌడరును మాత్రము చల్లకుడు. అది అడుగు రబ్బరునకు అంటినచో బండపై నిలువదు. చేతులకు పూసికొను మెగ్నీషియం కార్బనేటు పొడిని కొందరు పాదములకును కొంచెము రాయుదురు. అది చెమటను పీల్చును.

ఆమెకు కొన్నది అస్తరు లేని ఎఱ్ఱతోలు జత. మొదటి వారము చెమటకు రంగు దిగి అరికాళ్లకు పారాణి పెట్టినట్లయ్యెను. పెండ్లిమాట యెత్తిన పొరుగామె అది చూచి, "ఏందమ్మా, లగ్గమైందా?" యని యడిగెను. పిల్ల తడుముకొనక, "అయింది, బండతోటి" అన్నది.

రెండవ శిబిరమునకు పోయినది. చెమట పూర్తిగా మానలేదు. కష్టమైన తావు వచ్చినప్పుడు ఇప్పటికిని తడియగునట. కాని జారునంత కాదు. నడుమునకు చిన్న తుండొకటి కట్టుకొని, ఎక్కుటకు ముందు తుడిచికొని తొడుగుచున్నది. "కుంట" యను పేరు పోలేదు. ఇప్పు డామెయే ఆ పేరు చెప్పుకొనుచున్నది. ఎవరెస్టు వంటి మంచుకొండలలో చెమట మరియొక శత్రువనియు, తడిసిన మేజోడుతో నిలిచినచో వ్రేళ్లు మంచు కాటునకు గురియగు ననియు అచ్చట నేర్చుకొని వచ్చి, పొడి మేజోళ్లు మార్చుట యెట్లో మాకు పాఠము చెప్పినది.

ఈ నడుమ ఆమె పాదము పెరిగినది. ఎఱ్ఱజత వ్రేళ్లను నొక్కుచున్నది. క్రొత్తజతకై హైదరాబాదు పోవలెను. ప్రొద్దున పోయిన సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చునని మా చెల్లెలి మాట. దినమంతయు నడచిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బి యుండును గనుక అప్పుడే కొలత చూచుకొనవలెనని మా మాట. ఒక రాత్రి అక్కడ మా ఆడపడుచు ఇంట నిలుచుట కేర్పాటు చేసికొంటిమి.