కోవిల్‌పట్టి డైరీ: పాకం, పద్దు, తెర

2024 సెప్టెంబర్ 16, కోవిల్‌పట్టి

విరుదునగర్, సాత్తూరు దాటి పొద్దున్నే రైలు దిగాను. దారంతా నల్లరేగడి. ఇక్కడివాళ్లు కరిసల్ అంటారు. ఇవాళ రచయిత కి. రాజనారాయణన్ పుట్టినరోజు. పక్కనే ఇడైసెవల్‌లో 1923లో పుట్టారు. ఇంట్లో మాట తెలుగు, రాసింది తమిళం. ఇటు వలస వచ్చిన తెలుగువాళ్ల కథనే ‘గోపల్ల గ్రామం’గా రాశారు. నేను పనికి వచ్చిన ఇల్లూ అలాంటిదే. గడప దాటగానే పెద్దాయన, “రామ్మా, కూచో. అన్నం తిన్నావా?” అన్నారు. మూడు రోజులుగా ఫోన్లో తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్న మాకు ఆ ఒక్క మాటతో దూరం పోయింది.

వీళ్లది కడలై మిఠాయి, అంటే మన పల్లీ పట్టి, వ్యాపారం. నా పని, వాళ్ల ఆన్‌లైన్ ప్రకటనల ఖర్చుకి, వచ్చిన అమ్మకాలకి ఒకేచోట లెక్క కనపడేట్టు డ్యాష్‌బోర్డ్ చేసివ్వడం.

సెప్టెంబర్ 17

తెర సంగతి తర్వాత, ముందు పొయ్యి దగ్గరికి వెళ్లాను. వేయించి పొట్టు తీసిన పల్లీ పప్పు గంపలో ఉంది. బెల్లప్పాకం కుతకుతలాడుతోంది. పెద్దాయన కోడలు ఒక చుక్క నీళ్లలో వేసి, తీసి, వేళ్లతో విరిచింది. టక్‌మంది. “ఇదీ పాకం” అంది. పప్పు కలిపి, బల్ల మీద పోసి, కర్ర దొర్లించి, చల్లారకముందే గాట్లు పెట్టారు. పైన గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగుల కొబ్బరి తురుము. కోవిల్‌పట్టి ముద్ర అదే. 2020 ఏప్రిల్ 30న ఈ మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సెప్టెంబర్ 19

ఇదివరకు ఒక ఏజెన్సీ చేసిచ్చిన డ్యాష్‌బోర్డ్ చూశాను. ఎంతమందికి కనపడింది, ఎంతమంది నొక్కారు, ఏ వయసువాళ్లు, ఏ ఫోనువాళ్లు. రంగులు బాగున్నాయి. పెద్దాయన అడిగింది ఒక్కటే: “ఎంత పోయింది, ఎంత వచ్చింది, ఎంత మిగిలింది?” ఆ మూడో ముక్కకి అందులో ఎక్కడా జవాబు లేదు. రెండేళ్లు డబ్బు కట్టిన మనిషికి ఆ ఒక్క అంకె చూపించకపోవడం నాకు బాధగా ఉంది.

సెప్టెంబర్ 22

పార్సిళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. వారంలో ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా తనవల్ల 23 అమ్మకాలంది. గూగుల్ తనవల్ల 19 అంది. కలిపితే 42. పుస్తకంలో ఉన్నవి 29. కోడలు కంగారుపడింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెన్నైలో ఒకామె సోమవారం ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ నొక్కి ఊరుకుంది. గురువారం గూగుల్‌లో వెతికి కొంది. ఒకే డబ్బా, ఇద్దరూ తమ ఖాతాలో వేసుకున్నారు. మనం మార్చకపోతే మెటా నొక్కిన ఏడు రోజుల దాకా, ఊరికే చూసినా ఒక రోజు దాకా అమ్మకం తనదే అంటుంది. గూగుల్ మామూలుగా నొక్కిన ముప్ఫై రోజుల దాకా అంటుంది.

అందుకని కొత్త పేజీలో అమ్మకం అంటే పార్సిళ్ల పుస్తకంలో ఉన్నదే. వాళ్లిద్దరూ చెప్పేది పక్కన చిన్న అక్షరాల్లో.

సెప్టెంబర్ 25

ప్రకటనల ఖర్చు రోజుకి 500 అని పెట్టాం. నిన్న గూగుల్ 900 దాటించింది. పెద్దాయన ఫోన్ తెచ్చి చూపించారు, చెయ్యి కొద్దిగా వణుకుతోంది. గూగుల్ ఒక్కోరోజు మనం చెప్పినదానికి రెట్టింపు దాకా వాడుతుంది, నెల మీద మాత్రం రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు దాటదు. ఇది ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు పేజీ పైన, ఈ నెలలో ఇంకా ఎంత ఉంది అన్నదే అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో పెట్టాను.

ఇంకోటి. వాళ్ల తెర మీద 1,000 అని కనపడే ఖర్చుకి 18 శాతం జీఎస్టీ కలిపి 1,180 కట్టాలి. తర్వాత పన్ను జమలో వెనక్కి వచ్చినా, ఇవాళ బ్యాంకులోంచి పోయేది 1,180.

సెప్టెంబర్ 27

సరుకు ఒక్కటే, వెతికే మాటలే వేరు. చెన్నైవాళ్లు కడలై మిఠాయి అని కొడతారు. హైదరాబాద్‌లో పల్లీ పట్టి. ముంబైలో చిక్కీ. చిక్కీ అన్న మాటకి పోటీ ఎక్కువ, నొక్కు ఖరీదెక్కువ, కొనేవాళ్లు తక్కువ. కోవిల్‌పట్టి అని ఊరిపేరు కలిపి వెతికినవాళ్లు చాలావరకు కొనే వెళ్తున్నారు. ఊరి పేరుకున్న బలం ఇంత స్పష్టంగా అంకెల్లో చూడటం నాకిదే మొదలు.

అక్టోబర్ 2, విరుదునగర్

ఒకప్పటి ముఖ్యమంత్రి కామరాజ్ పుట్టిన ఊరు. 1975లో ఇదే రోజున పోయారు. ఆయన ఇంటి ముందు కాసేపు నిలబడి బజారుకి వెళ్లాను. నూనె, పప్పులు, మిరపకాయలు, ధనియాల వాసన. విరుదునగర్ ధరలు తమిళ పేపర్లలో వస్తాయి, నూనె 15 కిలోల డబ్బా లెక్కన. పేపర్ రాగానే పెద్దాయన చూసేది ఆ వరుసే.

లాడ్జిలో రాత్రి లెక్క వేశాను. వెయ్యి పెడితే మూడు వేల అమ్మకం. మూడు రెట్లు అని పాత తెర పచ్చరంగు వేసేది. కానీ మా మూడొందల డబ్బాలో పప్పు, బెల్లం, కూలి, అట్టపెట్టె, కొరియర్ పోగా మిగిలేది ఎనభై. పది డబ్బాలకి ఎనిమిది వందలు. వెయ్యి పెట్టి ఎనిమిది వందలు తెచ్చుకున్నాం! పప్పు ధర పెరిగితే ఇంకా లోతుకి. కాబట్టి ఈ ఊరి ధర మా పేజీలోకి రావాలి. వారానికోసారి కోడలు చేత్తో ఎక్కిస్తే చాలు.

అక్టోబర్ 5

నా పొరపాటు ఒకటి దొరికింది. డబ్బు ఇంటి దగ్గర తీసుకునే ఆర్డర్లలో కొన్ని వెనక్కి వస్తున్నాయి. వాటిని నేను అమ్మకాల్లోనే ఉంచేశాను. మూలన తిరిగొచ్చిన డబ్బాలున్నాయి. ఒకటి విప్పాను, ముక్కలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రెండువైపులా కొరియర్ ఖర్చు, సరుకూ పోయింది. వరుస సరిదిద్ది, పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను.

అక్టోబర్ 7

టీ కొట్టులో అగ్గిపెట్టె కొన్నాను. 2007 నుంచి రూపాయి, 2021 డిసెంబర్ నుంచి రెండు. ఈ చుట్టుపక్కల ఊళ్ల సరుకే. దాని మీది బొమ్మే దాని ప్రకటన.

అక్టోబర్ 11, ఆయుధపూజ

త్రాసు, పాకం గరిటె, దొర్లించే కర్ర, పద్దుల పుస్తకం వరసగా పెట్టి కుంకుమ అద్దారు. చివర నా ల్యాప్‌టాప్‌కీ ఒక బొట్టు. హారతి అయ్యాక పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని తెర ముందుకి వంగారు. పోయింది, వచ్చింది, మిగిలింది. మూడే అంకెలు. మూడోది ఇంకా ఎర్రగానే ఉంది, పోయిన వారం కంటే తక్కువ ఎర్ర. వేలితో దాన్ని చూపించి కోడలితో అన్నారు: “చిక్కీ అన్న మాటకి పెట్టే డబ్బు ఆపెయ్యమ్మా. దీపావళికి ఊరి పేరు మీదే పెడదాం.”