రోషం వస్తే చాలా?

మన సినిమాల్లో ఆటగాడికో సూత్రం ఉంది. హీరో ఓడిపోతుంటాడు. విలన్ వెకిలిగా నవ్వుతాడు. గ్యాలరీలో తల్లి కళ్ళు తుడుచుకుంటుంది. అంతే! హీరో కళ్ళు ఎర్రబడతాయి, నరాలు పొంగుతాయి... ఇంకేముంది, కప్పు మనదే! హాలంతా ఈలలు. కానీ నిజం గ్రౌండులో ఈ సూత్రం సగమే పనిచేస్తుంది.

1908లో యెర్కీస్, డాడ్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ఓ ప్రయోగం చేశారు. తప్పుదారిలో వెళ్తే కరెంటు షాకు. పని సులువైతే షాకు పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. పని కష్టమైతే మాత్రం ఓ మోస్తరు షాకే మేలు. మరీ పెంచితే చదువు మందగించింది. ఆటల మనస్తత్వ శాస్త్రం ఈ సంగతినే మనుషులకి అన్వయించుకుంది. ఊపు బొత్తిగా లేకపోతే మందకొడితనం, మితిమీరితే తడబాటు.

ఎంత ఊపు కావాలన్నది ఆటనిబట్టి ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అంత బరువు తలపైకి లేవాలంటే ఒంట్లో ప్రతి కండా ఒక్కసారిగా భగ్గుమనాలి. రైఫిల్ షూటింగు అలా కాదు. గుండె దడదడలాడితే గురి కదిలిపోతుంది. 2008 బీజింగ్‌లో ఆఖరి గుండుకు ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్ షూటర్ హక్కినెన్ సరిసమానం. బింద్రా 10.8 కొట్టాడు, స్వర్ణం! హక్కినెన్‌కి 9.7 వచ్చింది, కాంస్యానికి జారాడు. అదే ఒలింపిక్స్‌లో, గుండె వేగాన్నీ చేతి వణుకునీ తగ్గించే మందు వాడినట్టు తేలి, ఓ ఉత్తర కొరియా షూటర్ రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. నిదానం కోసం దొంగతనం చేసేంత విలువ ఉందన్నమాట!

మనిషినిబట్టి కూడా ఈ లెక్క మారుతుంది. ఒకడికి అరిస్తేగాని ఒళ్ళు కదలదు, ఇంకొకడికి అరిస్తే చేతులాడవు.

ఆమధ్య పిల్లల క్యారమ్స్ పోటీ ఒకటి చూశాను. పన్నెండేళ్ళ పిల్ల రెడ్డుకి గురిపెట్టింది. వెనకనుంచి తండ్రి, "కొట్టవే! ఏం చూస్తున్నావ్!" అని ఒకటే అరుపు. స్ట్రైకర్ దగ్గర ఆ చిన్న వేలు వణకడం నాకు కనిపించింది. రెడ్డు పడలేదు. పాపం, ఆయన అరిచింది ప్రేమతోనే. బరువులెత్తేవాళ్ళకి పోయాల్సిన మందు క్యారమ్స్ పిల్లకి పోశాడు. ఏ సినిమా క్లైమాక్సులో నేర్చుకున్నాడో!

నాన్నలూ, ఒక్క మాట. ముందు ఏ ఆటో చూడండి. తర్వాత పిల్ల మొహం చూడండి. అప్పటికీ అరవాలనిపిస్తే, అరవండి!