చదువులచావడి – అద్భుతకథా పాత్రల సంకల్పములు

ఢిల్లీ నగరమునకు దక్షిణముగా హర్యానా రాష్ట్రమున గురుగ్రామ్ అను పట్టణము కలదు. గుడ్‌గావ్ అని చిరకాలము వ్యవహరింపబడిన ఈ ఊరికి 2016లో ప్రభుత్వము ఆ పేరు స్థిరపఱచినది. ద్రోణాచార్యునకు ఆయన శిష్యులు దక్షిణగా నిచ్చిన గ్రామమిదియే యని అచ్చటి జనుల నమ్మిక. మెట్రో రైలుమార్గమున ‘గురు ద్రోణాచార్య’ అను స్టేషను అచ్చట నున్నది. ఖాండ్సాయందు ఏకలవ్యుని గుడి యొకటి కలదు. ఈ ఐతిహ్యమును చరిత్రకారుడు అంగీకరించినను, అంగీకరింపకున్నను, ఒక్క విషయము గమనింపదగినది. ఆ ఊరు తన పేరున నిలుపుకొన్నది యుద్ధమును గాదు, పట్టాభిషేకమును గాదు, ఒక పాఠశాలను. గురువు పేర నొక స్టేషను, ఆయన చేర్చుకొనని శిష్యుని పేర నొక గుడి వెలసినవి.

అద్భుతకథలలోని పాత్రలను నడిపించునదేమి యని యడిగినచో, రాజకుమార్తె, నిధి, శాపము, వరము అని సాధారణముగా సమాధానము వచ్చును. తెలుగు కథలలో నాయకుని విద్యాభ్యాసము ఒక్క వాక్యముతో ముగియుట మనమెఱిగినదే. పదునాఱేండ్లు నిండకమునుపే అతడు సకలవిద్యలు నేర్చును. కథ ఆ తరువాతనే ప్రారంభమగును. 1951లో వెలువడిన పాతాళభైరవి చిత్రమున తోటరాముని నడిపించినది రాకుమారిపై వలపేకాని చదువు కాదు. మధిర సుబ్బన్న దీక్షితకవి కాశీమజిలీకథలలో మాత్రము బోధయే కథకు చట్రమైనది. మణిసిద్ధుడు దారిపొడవున మజిలీకొక కథ చెప్పుచుండగా, వెంట నడచు గోపబాలుని ప్రశ్నయే కథను ముందునకు జరుపును. అది గోడలు లేని బడి.

ఐనను, చదువులచావడిలో నాటుకొన్న సంకల్పము జీవితాంతము మనిషిని ఎట్లు నడిపించునో తెలిసికొనుటకు తెలుగువారు దూరము పోవలసిన పనిలేదు. నన్నయభట్టు 11వ శతాబ్దమున తెనిగించిన ఆదిపర్వమున ద్రోణద్రుపదుల కథ యున్నది. వీరిరువురును అగ్నివేశునికడ కలసి చదివినవారు. పిదప ఒకడు పాంచాలమునకు రాజయ్యెను. మఱియొకడు పేదబ్రాహ్మణుడుగా మిగిలెను. ధనికుల బిడ్డలు పాలు త్రాగుటచూచి అశ్వత్థామ పాలకై యేడ్చెను. తండ్రి పాడియావులను గోరి పాత నెచ్చెలికడకు పోయెను. రాజునకును పేదకును చెలిమి యేమని ద్రుపదుడు తిరస్కరించెను. ద్రోణుడు కోల్పోయినది ఆవులను మాత్రమే కాదు. ఒకే చాపపై గూర్చుండి చదివిన కాలము అబద్ధమని ఆనాడు ఆయనకు తెలిసినది.

ఆ గాయముతోనే ఆయన హస్తినాపురమున గురువయ్యెను. విలువిద్య చెప్పుటకు ముందే శిష్యులను ఒక ప్రశ్న యడిగెను: చదువు ముగిసిన పిమ్మట నా కోరికను తీర్చగలవాడెవడు? తక్కినవారు మిన్నకుండగా అర్జునుడొక్కడే ముందునకు వచ్చెను. మొదటి పాఠమునకు ముందే గురువుగారి పగ శిష్యుని గుఱియైనది. దక్షిణగా ద్రుపదుడు బందీయయ్యెను; అర్ధరాజ్యము పోగొట్టుకొని విడుదల పొందెను. ఆ అవమానమునుండి యజ్ఞము, యజ్ఞాగ్నినుండి ధృష్టద్యుమ్నుడు, ద్రౌపది పుట్టిరి. తన్ను చంపుటకు పుట్టినవాడని యెఱిగియు ద్రోణుడే ధృష్టద్యుమ్నునకు అస్త్రవిద్య కఱపెనని వ్యాసభారతము చెప్పుచున్నది. అగ్నిలో మనుష్యుడు పుట్టుట అద్భుతము. ఆ అగ్నిని రగిల్చినది సహాధ్యాయి యాడిన యొక్క మాట.

ఆంగ్లమున వెలసిన ఆధునికాద్భుతకథలు ఈ మర్మమును వేఱొక తీరున గ్రహించినవి. ఉర్సులా లెగ్విన్ 1968లో ప్రకటించిన ‘ఎర్త్‌సీ మాంత్రికుడు’ నవలలో గెడ్ మేకలు కాచిన పల్లెకుఱ్ఱడు. రోక్ ద్వీపములోని మాంత్రికుల బడిలో జాస్పర్ అను ప్రభుపుత్రుడు వానిని చులకన చేసెను. వానికంటె గొప్పవాడననిపించుకొనుటకై గెడ్ మృతురాలి ఆత్మను పిలువబోయి, ఒక చీకటినీడను లోకములోనికి విడిచెను. ఆ పగులును మూయుటలో బడికి పెద్దయైన మాంత్రికుడు ప్రాణము విడిచెను. తక్కిన కథయంతయు ఆ నీడతోడి పోరాటమే. ఐతే చివరి ప్రయాణమున గెడ్‌కు తోడుగా పడవయెక్కిన వెచ్ కూడ ఆ బడిలోని స్నేహితుడే. గాయమును ఇచ్చిన బడియే మందును ఇచ్చినది.

రౌలింగ్ రచించి 1997 మొదలు 2007 వఱకు వెలువరించిన హ్యారీ పోటర్ నవలలలో స్నేప్ అను ఉపాధ్యాయుడు ద్రోణుని జ్ఞప్తికి దెచ్చును. బాల్యమున ఇతనిని తోటివిద్యార్థి యొకడు పదిమంది యెదుట గాలిలో తలక్రిందులుగా వ్రేలాడదీసి నవ్వించెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ విద్యార్థి కుమారుడే ఇతని తరగతిలో గూర్చుండెను. ఉపాధ్యాయుడు బాలునిపై చూపిన కాఠిన్యమునకు కారణము బాలుడు కాదు, తండ్రి. బడిలో చేరకమునుపే లిలీపై గలిగిన ప్రేమయే అతని చేత ఆ బాలుని రక్షింపజేసినది. బాల్యము ఒక హృదయమున రెండు విత్తనములు నాటినది.

వీనికి ప్రతిగా ఆదిపర్వముననే కచుని కథ యున్నది. కచుడు మృతసంజీవని నేర్చుటకై శత్రువర్గపు గురువైన శుక్రునికడ చేరెను. రాక్షసులు వానిని చంపి, బూడిద చేసి, మద్యమున గలిపి గురువునకే త్రాగించిరి. గురువు కడుపులోనుండియే విద్యనందిన శిష్యుడు వెలువడి, వెంటనే గురువును బ్రదికించెను. తన పని ముగిసినదని పోవుటకు అడ్డులేదు, పోలేదు. దేవయాని ప్రేమను నిరాకరించినందున ఆ విద్య అతనికి పనిచేయకుండునట్లు ఆమె శపించెను. నాకు పనిచేయకున్న నేమి, నేను నేర్పినవారికి పనిచేయునని అతడు వెడలిపోయెను. ద్రోణుడు తన కోరికను శిష్యుల చేతులలో నుంచెను. కచుడు తనకు పనికిరాని విద్యను ఇతరుల చేతులలో నుంచదలచెను.

ఈ భేదము ఢిల్లీలోని తెలుగుపిల్లలకు దూరమైనది కాదు. 1948లో దుర్గాబాయమ్మ చొరవతో ఇచ్చట ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడినది. పొట్టచేతబట్టుకొని వచ్చిన తెలుగుకుటుంబముల బిడ్డలు తమ భాషను మఱవకుండుట అందలి ఆశయములలో నొకటి. నేటి పిల్లవాడు ఇంటిలో తెలుగు, వీథిలో హిందీ, పుస్తకమున ఆంగ్లము పలుకును. హ్యారీ పోటరును అతడు చదివియుండును. కచుని పేరు వినియుండకపోవచ్చును. అట్టివాడు తరగతిలో ‘కళ్ళు’ అనబోయి ‘కల్లు’ అని చదివినప్పుడు నలుగురు నవ్వుదురు. ఉపాధ్యాయుడు కూడ నవ్వినచో ఆ పిల్లవాడు ఆ పుస్తకమును మఱల తెఱవడు. పెద్దవాడై తన బిడ్డలకు తెలుగు వలదనును. అందులకు అతడు చెప్పు కారణములు వేఱుగా నుండును. అసలు కారణము ఆనాటి నవ్వు. ఉపాధ్యాయుడు ఆ నవ్వును ఆపి, మాటను మఱల నెమ్మదిగా పలికించినచో, ఆ పిల్లవాడే ఒకనాడు కచుని కథను తన బిడ్డకు తెలుగున చెప్పవచ్చును.