ఫేజ్ డయాగ్రంలో టైం ఎక్కడ?

ఐరన్-కార్బన్ డయాగ్రం గీయకుండా మెకానికల్ బ్రాంచి దాటినవాళ్ళు ఎవరూ ఉండరు. 4.3 శాతం కార్బన్ దగ్గర 1147 డిగ్రీల యూటెక్టిక్, 0.77 దగ్గర 727 డిగ్రీల యూటెక్టాయిడ్, 6.67 దగ్గర సిమెంటైట్. పరీక్ష ముందురోజు రాత్రి ఈ అంకెలన్నీ ఫోన్ నంబర్లలా బట్టీ పడతాం, పొద్దున పేపర్ మీద దించేస్తాం, సాయంత్రం క్యాంటీన్‌కి వెళ్ళేసరికి సగం మర్చిపోతాం.

పరీక్ష లేనప్పుడు ఒకసారి ఆ గ్రాఫుని తీరిగ్గా చూడండి. అడ్డంగా కార్బన్ శాతం, నిలువుగా ఉష్ణోగ్రత. టైం అన్నది ఎక్కడా లేదు. ప్రతి డిగ్రీ దగ్గరా లోహం ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆగుతుందని ఒప్పుకుని గీసిన బొమ్మ అది. నిజం కొలిమిలో లోహం మన కోసం ఆగదు, చల్లారుతూనే ఉంటుంది. అందుకే ఏ ఫేజ్ ఎంత ఉండాలో డయాగ్రం చెబుతుంది గానీ, అది సన్నటి రవ్వలా వస్తుందా, లావుపాటి పలుకులా వస్తుందా, చెట్టుకొమ్మల్లాంటి డెండ్రైట్లుగా పెరుగుతుందా అన్నది చెప్పదు. ఆ అమరికకే మైక్రోస్ట్రక్చర్ అని పేరు. ముక్క వంగుతుందా విరుగుతుందా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నాకు ఈ సంగతి పుస్తకం కంటే ముందు మా ఇంట్లోనే తెలిసింది. మాది బోధన్. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది, కాలువల కింద చెరకు పెరిగింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఊరి పేరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఆ ఫ్యాక్టరీలో మా తాత పాన్‌మ్యాన్. బయటివాళ్ళకి ఆ మాట అర్థం కాదు కాబట్టి చెప్తాను. చెరకురసాన్ని శుద్ధి చేసి, చిక్కబరిచి, చివరికి ఒక పెద్ద పాత్రలో మరిగించి పలుకు కట్టిస్తారు. ఆ పాత్రే పాన్. లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి పాకం 60, 70 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మాడదు. దాని దగ్గర నిలబడి పలుకు పుట్టించి, పెంచి, దించేవాడు పాన్‌మ్యాన్.

చక్కెరకీ ఫేజ్ డయాగ్రం ఉంది. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళలో సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది, 100 డిగ్రీల దగ్గర 480 గ్రాములు దాటుతుంది. ఆ గీత దాటి చిక్కబడితే చక్కెర బయటికి రావాలి. కానీ దాటగానే రాదు. గీత పక్కనే ఒక సన్నటి జాగా ఉంది. అక్కడ ఉన్న పలుకు పెరుగుతుంది, కొత్త పలుకు పుట్టదు. ఇంకా ముందుకు పోతే ఎక్కడపడితే అక్కడ లక్షల పలుకులు ఒక్కసారే పుడతాయి. కరిగిన లోహంలోనూ ఇదే కథ. మనం అండర్‌కూలింగ్ అంటాం, న్యూక్లియేషన్ అంటాం. మా తాత ఆ సన్నటి జాగాలో ఏళ్ళ తరబడి నౌకరీ చేసిండు.

పాకం సరైన చిక్కదనానికి రాగానే మెత్తగా నూరిన చక్కెరను సీడ్‌గా వేస్తారు. తర్వాత ఆవిరి ఎంత, కొత్త రసం ఎంత అన్నదంతా చూపు మీదే. పాన్‌లోంచి కొంచెం తీసి గాజుముక్క మీద పూసి బల్బుకి ఎదురుగా పట్టి చూసేవాడట. ఆవిరి ఎక్కువై తొందరపడితే పెద్ద పలుకుల మధ్య పిండిలాంటి కొత్త పలుకు పుడుతుంది. దాన్ని ఫాల్స్ గ్రెయిన్ అంటారు. అది సెంట్రిఫ్యూగల్ మిషన్ జల్లెడకి అడ్డం పడుతుంది, లేదంటే మొలాసిస్‌తో పాటు కారిపోతుంది. వెంటనే కాస్త నీళ్ళు పట్టి ఆ పిండిని కరిగించాలి. మరీ ఎక్కువ పడితే మంచి పలుకూ కరిగిపోతుంది.

"ఎంతసేపు ఉడకపెట్టాలె తాతా?" అని అడిగితే గంటల్లో జవాబు ఎన్నడూ రాలేదు. "గడియారం జూసి దించేది గాదు బిడ్డా, పలుకును జూసి దించాలె. తొందరవడితే పిండయితది, ఆగమయితది," అనేవాడు.

పలుకు పెరుగుతున్నకొద్దీ మలినాలు దాని లోపలికి పోవు, చుట్టూ ఉన్న రసంలోనే మిగిలిపోతాయి. ఆఖర్న నల్లటి మొలాసిస్ మిగిలేది అందుకే. లోహం గడ్డకట్టేటప్పుడు కూడా డెండ్రైట్ కొమ్మ తనకి సరిపడనిదాన్ని పక్కనున్న ద్రవంలోకి నెడుతుంది. కొమ్మల మధ్య ఆఖరికి గడ్డకట్టే చుక్కలో మలినాలన్నీ చేరతాయి. క్లాసులో మైక్రోసెగ్రిగేషన్ చెప్పిన రోజు నాకు కనిపించింది మొలాసిస్ ట్యాంకే.

అదే ఫ్యాక్టరీలో లోహం పాఠం కూడా ఉంది. చెరకు నలిపే మిల్లు రోలర్లకి పాతకాలం నుంచీ వాడేది గరుకు పలుకున్న గ్రే కాస్ట్ ఐరన్. అరిగినా దాని ఒళ్ళు నున్నబడదు, చెరకుని పట్టి లాగుతూనే ఉంటుంది. అదే ఇనుమును గబగబా చల్లారిస్తే కార్బన్‌కి గ్రాఫైట్ రేకులుగా విడిపడే వ్యవధి దొరకదు, సిమెంటైట్‌గా బిగుసుకుంటుంది. అప్పుడు అది వైట్ ఐరన్, గాజులా పెళుసు. అంటే అదే కూర్పుతో రెండు వేరే వేరే వస్తువులు. తేడా అంతా టైమే.

ఇక బోధన్ నుంచి నిజామాబాద్ మీదుగా తూర్పుకి రండి. ఆర్మూర్ దాటాక కమ్మర్‌పల్లి వస్తుంది. పేరు వింటేనే కమ్మరి గుర్తొస్తాడు. ఆ మండలంలోనే కోనసముద్రం ఉంది. ప్రపంచం వూట్జ్ అని పిలిచే మన ఉక్కు తయారైన ఊళ్ళలో ఇది పేరుపడ్డది. హెన్రీ వాయ్సీ అనే సర్వే డాక్టరు ఇక్కడి పని కళ్ళారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో అది అచ్చయింది. పర్షియా వర్తకులు ఈ ఉక్కు కోసం అంత దూరం నుంచి వచ్చేవాళ్ళు. రెండు రకాల ఇనుము కలిపి మట్టి మూసల్లో పెట్టి రోజంతా మంట పెట్టేవాళ్ళు. చల్లారాక వచ్చిన ఉక్కు బిళ్ళలకి మట్టి పూసి, మెత్తబడేదాకా మళ్ళీ మళ్ళీ గంటల తరబడి వేడిలో ఉంచేవాళ్ళు.

ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. లివర్ రూల్ వేయండి: 727 డిగ్రీలకి చేరేలోగా దాదాపు 12 శాతం సిమెంటైట్ ముందుగానే విడిపోవాలి. డయాగ్రం చెప్పేది అంతే. ఆ సిమెంటైట్ పలుకుల అంచుల చుట్టూ వలలా అల్లుకుంటే సుత్తి దెబ్బకి బిళ్ళ పగులుతుంది. చిన్న చిన్న గుళ్ళుగా, వరసలుగా చేరితే కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు వస్తాయి. డమాస్కస్ కత్తి అందం అదే. డెండ్రైట్ల మధ్య చిక్కుకున్న అతి కొద్ది వెనేడియం లాంటి మలినాలే ఆ వరసలకి దారి చూపుతాయని వర్హోవెన్, పెండ్రే బృందం 1998లో రాసింది.

మైఖేల్ ఫారడే అంతటివాడు 1819లో వూట్జ్‌ని విశ్లేషించి, దాని గుణానికి కారణం అల్యూమినా, సిలికా అనుకున్నాడు. ఐరన్-కార్బన్ డయాగ్రం ఒక రూపానికి వచ్చింది 1897, 1900 మధ్య, రాబర్ట్స్-ఆస్టెన్, రోజెబూమ్ చేతుల్లో. అప్పటికి దక్కన్‌లో ఉక్కు మూసలు దాదాపు చల్లారిపోయాయి. డయాగ్రం ఉన్నవాళ్ళకి చెయ్యి లేదు, చెయ్యి ఉన్నవాళ్ళని అడిగినవాళ్ళు లేరు. ఇవాళ కోనసముద్రం గురించి పరిశోధన చేసేవాళ్ళు పగిలిన మూస ముక్కల్ని, చిట్టెపు రాళ్ళని ప్రశ్నించాలి. కమ్మరి ఏ రంగు చూసి మంట ఆపేవాడో ఆ ముక్కలు చెప్పలేవు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. 2015 డిసెంబర్‌లో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడింది. మళ్ళీ తెరుస్తారన్న మాట అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం. తెరిస్తే మంచిదే, కొత్త పాన్‌లకి సెన్సర్లు, కంప్యూటర్లు వస్తాయి. సెన్సర్ చిక్కదనం కొలుస్తుంది. కానీ ఈ నేల చెరకు రసానికి, వాన ఎక్కువైన ఏడాది రసానికి, కోసి రెండు రోజులు ఎండలో పడున్న చెరకు రసానికి ఎంత ఆగాలో తెలిసినవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. మా తాతకి చూపు తగ్గింది. గాజుముక్క మీద పలుకు ఇక ఆయనకి కనబడదు. వేళ్ళ మధ్య రుద్ది మాత్రం ఇప్పటికీ చెప్తాడు.

గత రెండు సెలవుల్లో నేను ఆయన మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఇప్పటికి పదకొండు ఫైళ్ళయ్యాయి. సగం పాన్ గురించి, సగం యూనియన్ గొడవల గురించి, క్వార్టర్ల వెనక మామిడిచెట్ల గురించి. ఏదీ తీసేయలేదు. ఆయనతో పాటు షిఫ్టు చేసినవాళ్ళు ఇంకో నలుగురు ఉన్నారట, దసరాకి వెళ్ళినప్పుడు కలవాలి. మీ ఇంట్లో కూడా పోత పోసేవాళ్ళో, బెల్లం వండేవాళ్ళో, బట్టీ కాల్చేవాళ్ళో ఉంటే ఒక ప్రశ్న అడగండి: "దించే టైం అయిందని నీకెట్ల తెలుస్తది?" జవాబు ఎంత పొడుగున్నా, మధ్యలో ఆపకుండా రాసుకోండి.