పులుసు తపేలా

ఫ్రీమాంట్‌లో మేం నలుగురం రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొన్న చలికాలంలో మాలో ఒకడి ఉద్యోగం పోయింది. హెచ్-వన్ మీద ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, 60 రోజులు. ఆ లోపల ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. వాడి అద్దె వాటా మేం ముగ్గురం పంచుకున్నాం. బయట తిండి పూర్తిగా మానేశాం. అప్పటికి మా వంటింట్లో ఉన్నవి ఒక రైస్ కుక్కరు, చిన్న ప్రెషర్ కుక్కరు, ఇంటి దగ్గర్నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న సత్తు తపేలా.

సత్తు అంటే అల్యూమినియమే కదా, పులుపు దాన్ని తినేస్తుంది. చింతపండు పులుసు కాచి రాత్రంతా అందులోనే ఉంచితే పొద్దున్నకి అదో రకం రుచి. మన అమ్మమ్మలు పులుసుకి రాచ్చిప్పో మట్టి దాకో వాడింది, ఇత్తడి గిన్నెలకి కళాయి పూయించింది ఊరికే కాదు. మాకేమో రెండు రోజులకి సరిపడా ఒకేసారి కాచి, ఆ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

అలా ఎనామిల్ తపేలా మీద కన్ను పడింది. ఎనామిల్ అంటే పెయింటు కాదండీ, గాజు. ఉక్కు మీద గాజుపొడి పూత వేసి 800 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే కరిగి అతుక్కుంటుంది. గాజు కాబట్టి పులుపుకి లొంగదు. గాజు కాబట్టే పెచ్చు ఊడుతుంది కూడా. ఈ రెండో సంగతి డబ్బులు పెట్టాక తెలిసింది.

మొదట కొన్నది అన్నిటికన్నా చవకది, పల్చనిది. ఉద్యోగం లేనివాడే ఇంట్లో ఉండి వండేవాడు. ఒకరోజు తాలింపుకని ఖాళీ తపేలా పొయ్యి మీద పెట్టాడు, ఇంతలో రిక్రూటర్ ఫోన్. మాట్లాడి వచ్చేసరికి గిన్నె సెగలు కక్కుతోంది. కంగారులో తీసుకెళ్లి కుళాయి కింద పెట్టాడు. టప్‌మని అడుగున గోరంత పెచ్చు లేచింది. అక్కడ తుప్పు పడుతుంది, పక్కనున్న గాజు ఇంకా ఊడి కూరలోకి వస్తుంది, ఇక వాడకూడదు. వాడు మాత్రం "ఏం కాదురా, మళ్లీ డబ్బులెందుకు" అన్నాడు. వద్దన్నాం. "అయితే ఈసారి డబ్బులు నేనిస్తా" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ ఆదివారం నైల్స్ వెళ్లాం. 1915లో చాప్లిన్ సినిమా తీసిన పేట, ఇప్పుడు పాత సామాన్ల కొట్లు. నీలం చుక్కల ఎనామిల్ తపేలా ఒకటి భలే నచ్చింది. కానీ పాత రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది, అందం కోసమైతే సరే, వంటకి వద్దనుకుని వదిలేశాం. చివరికి కొత్తదే, 8 క్వార్ట్‌లది, అంటే ఏడున్నర లీటర్లు. 12 క్వార్ట్‌లది చూసి ఆశపడ్డాం గానీ మా ఫ్రిజ్ అరలో పట్టదు. చేత్తో ఎత్తి బరువు చూశాం, అడుగు చదునుగా ఉందా చూశాం, అంచుకి స్టీలు పట్టీ ఉన్నది ఏరుకున్నాం, ఎందుకంటే పెచ్చులు ముందు లేచేది అంచు దగ్గరే. చెవులు కాలతాయి, గుడ్డతో పట్టుకునేంత సందు ఉండాలి. లోపల తెల్లగా ఉంటే అడుగంటడం వెంటనే కనబడుతుంది.

నిజం చెప్పాలంటే ఒక్క గిన్నే కొనగలిగినవాళ్లు అడుగు మందమున్న స్టీలుది కొనుక్కోండి, అదీ పులుపుకి తట్టుకుంటుంది. మాకు దాని ధర అందలేదు. ఎనామిల్‌లో పప్పు, ఉప్మా అడుగంటుతాయి. పులుసు, చారు, మటన్ బొమికల సూప్, నీళ్లెక్కువ ఉన్నవి ఏవైనా బ్రహ్మాండం. తాలింపు వేరే మూకుట్లో వేసి కలుపుతాం. చెక్క గరిటె. స్టీలు పీచు ముట్టనివ్వం, మాడితే నీళ్లలో వంటసోడా వేసి మరిగిస్తాం. వేడి గిన్నెని మాత్రం కుళాయి దగ్గరికి ఎవడూ తీసుకెళ్లడు.

52వ రోజున వాడికి డల్లాస్ కంపెనీ ఒకటి పిటిషన్ ఫైల్ చేసింది. వెళ్లేరోజు తపేలాని దుప్పట్లో చుట్టి వాడి కారు డిక్కీలో పెట్టేశాం, వద్దన్నా వినలేదు. ఇప్పుడు మళ్లీ సత్తు తపేలానే. ముగ్గురమే కదా, ఈసారి 6 క్వార్ట్‌లది చాలని ఒకడు. 8 ఉండనీ, ఖాళీ మంచానికి ఎవడో ఒకడు రాకపోడు అని ఇంకొకడు. ఇంకా తేలలేదు.